అషాంటి బిళ్ల, తల్లి ముఖం

మా బిడ్డ ఆ పిల్లను జనగామకు తోలుకొచ్చిన రోజు నేను ఒక గుడి తలుపులకు ఇత్తడి రేకు కొడుతున్న. మేము కంచరోళ్లం. మా తండ్రి ఇల్లు పెంబర్తిల ఉంటె, నేను జనగామల హైదరాబాద్ రోడ్డు పక్కన షెడ్డు ఏసుకున్న. కింద లక్క మెత్తగ ఉన్నప్పుడే రేకు సుత్తె మాట వింటది. అందుకే పనిల ఉన్నప్పుడు ఎవరొచ్చినా తలెత్తను. ఆ రోజు ఎత్తిన. గడప దగ్గర చెప్పులు ఇడిసి, లోపలికి రావాల్నా వద్దా అన్నట్టు ఒక పిల్ల నిలబడ్డది. పొడుగ్గ ఉన్నది, నెత్తి నిండ సన్నసన్న జడలు. మా బిడ్డ హైదరాబాద్ల డిగ్రీ చదువుతది. ఆ పిల్లది కూడా అదే కాలేజి, అదే హాస్టల్. మా బిడ్డ గదిల నేను చేసిచ్చిన ఇత్తడి పళ్లెం చూసి, చేసినాయన దగ్గరికి తీస్కపొమ్మని అడిగిందట.

"బాపూ, ఈమెది ఆఫ్రికాల ఘనా దేశం. కుమాసి అనే ఊరు. అషాంటోళ్లు" అన్నది మా బిడ్డ.

నాకు అశాంతి అని వినబడ్డది. మళ్ల చెప్పమన్న, మళ్ల అట్లనే వినబడ్డది. జాతికి గట్లాంటి పేరేంది అనుకున్న గని పైకి అనలే.

ఆ పిల్ల ఫోన్ల ఒక ఫొటో చూపిచ్చింది. అరచేయంత గుండ్రటి బంగారు బిళ్ల. నడిమిట్ల చిన్న గుబ్బ, దాని చుట్టూ ఆకులోలె, కిరణాలోలె వరుసలు. వెనక నుంచి కొట్టి ముందుకు ఉబ్బిచ్చిన పని. మా పనే. సముద్రాల అవతల ఎవరో నాలెక్కనే మోకాళ్ల మధ్యల రేకు పెట్టుకొని కూసున్నడన్న ముచ్చట చూడంగనే తెలిసింది. జర సేపు సంబురమైంది. ఆ వెంటనే ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. ఇత్తడిల అచ్చం ఇట్లాంటిదే చేసియ్యాలట. అంచు మీద సొట్టలున్నయి కదా, అవి కూడా అట్లనే రావాలట. పక్కనున్న పగులు కూడా.

నా చెయ్యి సుత్తె మీది నుంచి లేచింది. సొట్టలెందుకు అని అడిగిన.

సొట్టలంటె నాకెందుకు భయమో చెప్పాలంటె మా అన్న సంగతి చెప్పాలె. మా అన్న నాకంటె మంచి పనోడు. చానేండ్ల కింద మహదేవపూర్ దిక్కు అడివంచు ఊరి నుంచి ఒక పెద్దమనిషి ఆయన దగ్గరికొచ్చిండు. భూములున్న ఇంటోడు, గుడి కమిటీల ఉన్నోడు. వాళ్ల ఊరి తల్లికి తాతల కాలం నాటి ఇత్తడి ముఖం ఉన్నది, జాతరల ఊరేగిచ్చేటందుకు ఇంకోటి కావాలె, అసలుది గుళ్లె భద్రంగ ఉంటది అన్నడు. ఫొటోలిచ్చిండు. ముక్కు మీది సొట్ట, చెవి కింది పగులు అన్నీ అట్లనే రావాలె, లేకుంటె తల్లి మారిందని జనం గోల చేస్తరన్నడు. మా అన్న మనసు పెట్టి చేసిండు. అంత మంచి పని ఆయన చేతిల నుంచి అంతకు ముందు రాలే.

అసలుదాన్ని ఆ పెద్దమనిషి అమ్ముకున్నడు. గద్దె మీద మా అన్న చేసింది కూసున్నది. ఇంకేదో దొంగతనంల దొరికినోడు ఈ ముచ్చట కూడా బయట పెట్టేదాకా ఎవరికీ తెల్వలే. ఊరోళ్లు వచ్చి మా అన్న ఇంటి ముంగట మన్నెత్తిపోసి పోయిన్రు. ఠాణకు పిలిచి కూసోవెట్టి, పంపిచ్చి, మళ్ల పిలిచిన్రు. ఆఖరుకు సాక్షి అన్నరు. దొంగ అని ఎవరూ అనలే, కాదని కూడా ఎవరూ అనలే. పని ఇచ్చేటోళ్లు తగ్గిపోయిన్రు. మా అన్న సుత్తెలన్నీ నా షెడ్డుల పెట్టి, వదిన పుట్టిన మానుకోటకు పోయి ఇనుప పైపుల దుకాణం పెట్టుకున్నడు. మానుకోటను ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నరు గని మా నోళ్లకు మానుకోటే.

అందుకే ఆ పిల్ల సొట్టలు అనంగనే నేను సుత్తె ఇడిసిన.

ఆమె చెప్పింది మా బిడ్డ తెలుగుల చెప్పుకుంట వచ్చింది. ఆ బిళ్ల రాజుగారి ఆత్మను కడిగేటోళ్లదట. వాళ్ల రాజు ఆత్మ మైలపడకుంట చూసుకునేటందుకు కొందరు మనుషులుంటరు. రాజు పుట్టిన వారం నాడే పుట్టినోళ్లను ఏరుకుంటరు. వాళ్లు ఈ బిళ్లను తెల్ల దారంతోని మెడల ఏసుకుంటరు. వారాన్ని బట్టి పేరు పెట్టుడు కూడా వాళ్లకు ఉన్నదట. మా దగ్గర సోమారం పుడితె సోమయ్య అన్నట్టు. తెల్లోళ్లు యుద్ధం చేసి కుమాసిని కాలబెట్టినప్పుడు రాజుగారింట్ల ఉన్న బంగారమంతా మూట కట్టుకొని పోయిన్రు. ఈ బిళ్ల అప్పటి నుంచి లండన్ల ఒక మ్యూజియంల ఉన్నది. ఇప్పుడు కుమాసికి తిరిగొచ్చింది.

"మంచిగైంది కదా. తిరిగొస్తె ఇంకా నకలెందుకు?" అని అడిగిన.

"ఉత్తగ రాలే బాపూ. ఎరువుకిచ్చిన్రు. కొన్నేండ్లయినంక వాపసు పంపాలె."

నేను నమ్మలే. తీస్కపోయినోడు సొంతదారుకు ఎరువుకిచ్చుడు ఏడనన్న ఉంటదా? నన్ను పల్లెటూరోన్ని చేసి ఆడిస్తున్నరు అనుకున్న. మ్యూజియంల ఉన్నదాన్ని ఎవరికీ ధారాదత్తం చెయ్యొద్దని ఆ దేశంల కట్టడి ఉన్నదట, అందుకే అట్ల ఇచ్చిన్రని ఆ పిల్ల నింపాదిగ చెప్పింది. వాళ్ల తాత ఆత్మను కడిగే ఇంటోడు. రాజమహల్ల ఆ బిళ్లను పెడితె పోయి చూసొచ్చిండు గని అద్దం అడ్డం ఉండె. ముట్టుకోనియ్యలే. అంత దగ్గరికొచ్చి కూడా చెయ్యి తాకలేదని ఇంటికొచ్చి మూడు పూటలు అన్నం తినలేదట.

"మీ ఇంటిదేనా మరి ఆ బిళ్ల?"

ఆ పిల్ల తల అడ్డంగ ఊపింది. కడిగే ఇండ్లు చాన ఉండె, ఎవరిది ఏదో ఇప్పుడెవరికీ తెల్వదు, మా తాత మాత్రం మాదే కావచ్చంటడు అన్నది. సొట్టలెందుకంటె, అవి ఏసుకున్నోళ్ల ఒంటి మీద పడ్డయి, వాటిని తీసేస్తె వాళ్లను తీసేసినట్టే అన్నది.

మాట బాగనే ఉన్నది. మంచి మాటలు మా అన్నకు కూడా ఆ పెద్దమనిషి చెప్పే ఉండె.

ఛాయ్ తాగుకుంట ఆ పిల్ల బంగారు పీట ముచ్చట కూడా చెప్పింది. వాళ్ల జాతి ప్రాణమంతా ఆ పీటల ఉంటదట. దాని మీద రాజు కూడా కూసోడట, దాన్నే ఇంకో కుర్చీ మీద కూసోవెడుతరట. తెల్లదొర ఒకడొచ్చి దాన్ని తెచ్చి తాను కూసునేటందుకు ఎయ్యిమంటె, రాజమాత ఒకామె ముందు నిలబడి యుద్ధం చేసిందట. పీటను అడివిల దాచిపెట్టి, తెల్లోళ్లకు ఒక దొంగ పీట అప్పజెప్పిన్రని ఇప్పటికీ చెప్పుకుంటరట. ఆమె అది గొప్పగ చెప్పింది. మా బిడ్డ కండ్లు మెరిసినయి. నాకు మాత్రం అనుమానం ఇంకింత పెరిగింది. నకలు ఇచ్చి అసలు ఉంచుకునే విద్య వీళ్లకు ముందే తెలుసు. అద్దం ఎనక ఉన్న బిళ్ల జాగల ఇత్తడిది పెట్టి బంగారుది దాచుకుంటె? వాళ్ల వస్తువు వాళ్లు తీసుకుంటె తప్పేందని ఒక మనసన్నది. రేపు పోలీసులొస్తె ఆ మాట నువ్వు చెప్పుకో అని ఇంకో మనసన్నది.

ఆలోచించి చెప్తనని పంపించి, మరునాడే రైలెక్కి మానుకోట పోయిన. మా అన్న దుకాణంల గిరాకీ లేకుండె. నేను చెప్పేదంతా విని, లేచి షట్టరు సగం దించి వచ్చి కూసున్నడు.

"సొట్టలు గూడ అడిగిందా?"

"అడిగింది."

"ఇగ నన్నెందుకు అడుగుతవు? గా ఠాణ బల్ల మీద నువ్వు కూసోలే తమ్మీ, నేను కూసున్న."

వదిన బువ్వ పెడితె ఇద్దరం తిన్నం.

చెయ్యనని మా బిడ్డకు ఫోన్ల చెప్పిన. వాళ్ల రాజమహల్ వీడియోలు పంపింది. చూసిన. వీడియోలు ఎవరైన చేస్తరు అంటి. మనిషి రంగు చూసి అనుమానపడుతున్నవా బాపూ అని అడిగింది. అది కాదని చెప్పిన. పూర్తిగ కాదా అని నన్ను నేను అడుక్కున్న. ఆ పిల్ల మాత్రం కోపం చెయ్యలేదట. మీ బాపు జాగల నేనున్నా అట్లనే అనుమానపడుతును అన్నదట.

ఎండలు ముదిరినంక మహదేవపూర్ దిక్కు ఊరి నుంచి ఫోనొచ్చింది. అమ్ముడు పోయిన తల్లి ముఖం దొరికింది. ఎక్కడో దూరంల కొన్నోళ్ల ఇంట్ల పట్టుకున్నరు. అది ఊరికొస్తున్నది, నకలు చేసినాయన వచ్చి ఏది ఏదో చెప్పాలె అన్నరు. మా అన్న రానంటె రానన్నడు. నేను పోతనంటె మాత్రం ఊకోలే. నిన్నొక్కన్ని పంపితె నీ మీద పడుతరు అని తానే బయలెల్లిండు. సెలవులకు వచ్చిన మా బిడ్డ, ఆ పిల్లను కూడా తీస్కపోదామని పట్టుబట్టింది. నేను వద్దన్న. దొంగతనం జరిగిన ఊరికి పరదేశం మనిషిని ఎంట పెట్టుకొని పోతె ఎవరేమనుకుంటరు? బిడ్డ వినలే. మాదీ వాళ్లదీ ఒక్క తీరు కథ, ఆమె చూడాలె అన్నది.

కారు మాట్లాడుకొని పోయినం. వరంగల్ల మా అన్న ఎక్కిండు. ఎనక సీట్ల ఉన్న ఆ పిల్ల దిక్కు ఒక్కసారి చూసి, ముందటికి తిరిగి కూసున్నడు. చిట్యాల దాటి భూపాలపల్లి దాకా బొగ్గు లారీల ఎనక నడిచినం, అక్కడి నుంచి ఇసుక లారీలు.

ఊళ్లె దిగంగనే నేను భయపడ్డదే అయ్యింది. గద్దె ముందట ఊరోళ్లు ఒక దిక్కు, అడివి గూడెపోళ్లు ఇంకో దిక్కు నిలబడి ఉన్నరు. తల్లి ఊరందరిదే గని, ముఖం కడిగే హక్కు గూడెపోళ్లది. వాళ్లు ఇంట్ల మాట్లాడే మాట వేరు. వాళ్లల్ల వాళ్లు ఆ మాటల గుసగుస పెట్టుకుంటె, ఏమంటున్నరో అని ఊరోళ్లు అనుమానంగ చూస్తున్నరు. ఊరోడే తల్లిని అమ్ముకున్నడని గూడెపోళ్ల కోపం వాళ్లకుండనే ఉన్నది. మేము దిగినంక రెండు దిక్కుల చూపులూ మా మీదికి మళ్లినయి.

"కొనేటామెను గూడ ఎంట తెచ్చుకున్నరా?" అన్నడొకాయన.

మా బిడ్డ మొకం మాడిపోయింది. ఆ పిల్లకు తెలుగు రాదు, అయినా తెలిసినట్టున్నది. గూడెపోళ్ల ముందట ఒక ముసలవ్వ కూసోని ఉండె. ఆ పిల్ల తిన్నగ ఆమె దగ్గరికి పోయి, తన ఫోను తీసి ఆమె చేతుల పెట్టింది. ఫొటోలు తియ్యను, నీ దగ్గరనే ఉంచుకో అన్నట్టు. అవ్వ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుల ముడేసుకున్నది. తల్లిని కడిగేది ఆ అవ్వనే అని మాకు తర్వాత తెలిసింది.

కొత్త బట్ట పరిచి రెండు ముఖాలు పక్కపక్కన పెట్టిన్రు. మా అన్న చేసింది ఇన్నేండ్ల నూనెతోని, పసుపుతోని, పొగతోని నల్లవడి ముసలిదైపోయింది. తిరిగొచ్చిందేమో కొన్నోళ్లు మందులతోని తోమి తోమి నిన్న చేసినట్టు మెరుస్తున్నది. ముక్కు మీది సొట్ట రెండింటికీ ఉన్నది, చెవి కింది పగులూ ఉన్నది. నన్ను అడిగి ఉంటె నల్లదాన్నే అసలుదని చూపెడుతును.

మా అన్న గొంతుక్కూసోని రెండింటినీ బోర్లిచ్చి చూసిండు. ఎనక దిక్కు ఉన్న సుత్తె దెబ్బలను వేలితోని తడిమిండు. తర్వాత నల్లదాని మీద చెయ్యి పెట్టిండు.

"గిది నేను చేసింది."

"అయితె గిదే అసలుది" అన్నడు కొత్త కమిటీ పెద్ద, మెరిసేదాన్ని చూపిచ్చి. మా అన్న మాట నమ్మినట్టు లేడు. కాని ఆ ముచ్చట అక్కడికి తెగిపోవాలని ఉన్నట్టున్నది.

"గది నాకు తెల్వది."

మా అన్న రెండింటినీ ఇడిసి లేచి నిలబడ్డడు.

"నేను అసలుదాన్ని కండ్లతోని ఎన్నడూ చూడలే. ఫొటోలే చూసిన. గవే ఫొటోలు చూసి ఇంకోడు గూడ చేసి ఉండొచ్చు. నేను చేసింది నేను చేసిన్నంట. నేను చెయ్యనిదాన్ని తల్లి అని ఎట్ల అంట?"

గొణుగుడు మొదలైంది. కోర్టు చూసుకునే పంపిచ్చిందని, ముఖం తెచ్చిన కానిస్టేబులు అన్నడు. ఇగ ఇది మాదేనా అని గూడెపోళ్లల్ల ఒకాయన అడిగిండు. మీదే గని కేసు తేలేదాకా జమానతు మీద ఇస్తున్నం, అడిగినప్పుడు తీసుకొచ్చి చూపాలె అని కానిస్టేబులు చెప్పిండు. మా బిడ్డ ఆ మాట ఇంగ్లీషుల చెప్పంగనే ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. నవ్వో దుఃఖమో నాకు తెల్వలే.

"మాకూ గిట్లనే ఇచ్చిన్రు అంటంది బాపూ" అన్నది మా బిడ్డ మెల్లగ.

అంతవరకు నేను ఆ ఎరువు ముచ్చటను నమ్మలేదు. ఇప్పుడు నా ముందటనే జరుగుతున్నది. ఒక్క తేడా ఉన్నది. ఇక్కడ ఇచ్చేది కోర్టు. అక్కడ ఇచ్చేది తీస్కపోయినోడే. అది మనసుకొచ్చినంక ఆ పిల్ల దిక్కు సూటిగ చూడలేకపోయిన.

అవ్వ లేచి నీళ్లు తెమ్మన్నది. ముందు మెరిసేదాన్ని ఒళ్లె పెట్టుకొని చింతపండు నీళ్లతోని కడిగింది. ముక్కు, కండ్లు, చెవుల ఎనక, పసిపిల్లకు పోసినట్టు. కండ్లు మూసుకొని వేళ్లతోని తడుముకుంట పోయింది. రెండు దిక్కులోళ్లూ ఆమె మొకంలకే చూస్తున్నరు. ఆమె ఏమంటె అదే అయ్యేటట్టున్నది.

"నా చేతికి ఇంక ఏం తెలుస్తలేదు బిడ్డా" అన్నది అవ్వ. "గా మందులు రాసి తోలు తీసేసినట్టు చేసిన్రు. ఉండనీ. కొన్ని జాతరలు కడుగుత. తల్లయితె నాకు తెల్వకుంట పోదు."

"కాకుంటె?" అన్నడు కమిటీ పెద్ద.

అవ్వ మెరిసేదాన్ని బట్ట మీద పెట్టింది. నల్లదాన్ని తీసుకొని దాన్ని కూడా అట్లనే కడుగబట్టింది. అది నకలే కదా, ఇంకెందుకని ఎవరో అన్నరు.

"గిన్నేండ్లు దీనికి నేనే నీళ్లు పోసిన. పిల్లల జరాలకు దీనికే మొక్కిన. ఇప్పుడు యాడ పారేస్త?"

మా అన్న తల దించుకున్నడు.

రెండింటినీ గద్దె మీద పెట్టిన్రు. అందరికీ ఒప్పుదల అయ్యిందని చెప్పలేను. ఊరోళ్లు కొందరు సణుక్కుంట పోయిన్రు. గుడికి రెండు తాళాలెయ్యాలె, ఒకటి ఊరికి ఒకటి గూడేనికి అని గూడెపోళ్లు పట్టుబట్టిన్రు. ఎవరి అనుమానం వాళ్లకాడనే ఉన్నది.

ఎల్లేముందు అవ్వ ఆ పిల్లను పిలిచి, నువ్వెవ్వరని అడిగింది. వాళ్ల ఇంటోళ్లు రాజు ఆత్మను కడిగేటోళ్లని మా బిడ్డ చెప్పింది. అవ్వకు వింతగ అనిపియ్యలే. "దేంతోని కడుగుతరు?" అని అడిగింది. నీళ్లతోనే అన్నది ఆ పిల్ల. అవ్వ తల ఊపి, కొంగు ముడి ఇప్పి ఫోను ఇచ్చేసింది.

తిరుగు దారిల భూపాలపల్లి దాటినంక మా అన్న ఎనకకు తిరిగి, "గా బిళ్ల ఫొటో చూపియ్యమను" అన్నడు. ఫోను చేతుల పట్టుకొని, వేళ్లతోని పెద్దగ చేసి, వరంగల్ వచ్చేదాకా చూసిండు. దిగేటప్పుడు నాతోని, ఒక రేకు తెప్పిచ్చి పెట్టు అన్నడు.

జనగామ వచ్చి నా షెడ్డుల ఆయనే చేసిండు. పని ఇడిసి చానేండ్లాయె, మొదటి రేకు పాడైంది. రెండోది కుదిరింది. సొట్టలు ఆఖరున పెట్టిండు, ఒక్కొక్కదానికి ఆ పిల్లను పిలిచి చూపిచ్చి. నాకు అప్పటికీ పూర్తిగ నమ్మకం లేదు. ఆ పిల్ల బిళ్లను తెల్ల బట్టల చుట్టుకుంటుంటె, దీన్ని ఆ రాజమహల్ దిక్కు మాత్రం తీస్కపోవద్దని మా బిడ్డతోని చెప్పిచ్చిన. మీరు చెప్పక ముందే మా తాత అదే అన్నడు, మా ఇంటోళ్లనే దొంగలంటరని ఆయన భయం అన్నది.

సెలవులకు వాళ్ల దేశం పోయినంక ఆ పిల్ల వీడియో కాల్ చేసింది. నేను, మా అన్న, మా బిడ్డ ముగ్గురం షెడ్డులనే ఉన్నం. ఫోన్ల ఒక బక్కపలచటి ముసలాయన, భుజం మీద నుంచి బట్ట ఏసుకొని, మెడల తెల్ల దారంతోని మా అన్న చేసిన బిళ్ల. చేత్తోని దాన్ని పట్టుకొనే ఉన్నడు. మంచిగ చేసిన్రు అంటడేమో అని చూసినం. ఆయన ఏదో గట్టిగ అడిగిండు. ఆ పిల్ల సిగ్గుపడి, చెప్పాల్నా వద్దా అని ఎనకా ముందాడింది. మా బిడ్డ చెప్పమన్నది.

"ఇట్లాంటిదే ఇంకోటి చేసి మీరు ఉంచుకున్నరా అని అడుగుతున్నడు" అని మా బిడ్డ తెలుగుల చెప్పింది.

నాకు కోపం రావాలె. రాలే. మా అన్న దిక్కు చూసిన. ఆయన నవ్వుతున్నడు. పని ఇడిసినంక ఆయన మొకంల అంత నవ్వు నేను చూడలే.

"చెయ్యలే అని చెప్పు బిడ్డా. పాడైన రేకు ఒకటున్నది, గది గూడ చూపియ్యి" అన్నడు.

చెప్పినా ముసలాయనకు సమాధానం కాలే. షెడ్డు చూపియ్యమన్నడట. మా బిడ్డ ఫోను పట్టుకొని గోడ పొంట తిరగబట్టింది. సుత్తెలు, లక్క దిమ్మెలు, తుక్కు గంప, సగం అయిన గుడి తలుపు. పాడైన రేకు కాడ ఆపమని ముసలాయన చెయ్యి ఊపిండు. మా అన్న దాన్ని ఎత్తి ఫోను ముందట అటూ ఇటూ తిప్పి పట్టుకున్నడు. ముసలాయన కండ్లు చిన్నవి చేసి ఇంకింత దగ్గరికొచ్చిండు.